శైవలాల నుంచి ఇంధనం: తొలి లెక్క నీటిదే కావాలి

హైదరాబాద్ పాతబస్తీ చెంతనున్న మీరాలం చెరువు 19వ శతాబ్ది ఆరంభంలో నిర్మితమైంది. 21 అర్ధవృత్తాకార కమానులతో కూడిన దాని ఆనకట్ట నేటికీ నిలిచి ఉంది. ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన ఆ చెరువులోకి కాలక్రమంలో మురుగునీరు చేరింది. మురుగులోని నత్రజని, భాస్వరాలే అక్కడి గుర్రపుడెక్కకు, నాచుకు ఆహారం. పొలంలో ఎరువుగా విలువ కట్టే పోషకాలు చెరువులో కాలుష్యంగా మారుతున్నాయి. శైవలాల నుంచి జీవ ఇంధనాలు తీసే చర్చ ఈ వైరుధ్యంతోనే మొదలు కావాలి.

ఇంతవరకు ఆ చర్చ ప్రధానంగా బయోడీజిల్ చుట్టూ తిరిగింది. నూనె తీయడానికి సాధారణంగా శైవలాలను ఆరబెట్టవలసి వస్తుంది. 20 శాతం ఘనపదార్థం గల శైవల ముద్దలో 1 కిలో పొడి పదార్థానికి 4 కిలోల నీరు ఉంటుంది. ఆ నీటిని ఆవిరి చేయడానికి సుమారు 10 మెగాజౌళ్ల ఉష్ణం కావాలి. పొడి శైవలాల్లోని మొత్తం శక్తి 20 మెగాజౌళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే సగం శక్తి ఆరబెట్టడానికే సరిపోతుంది.

కిణ్వన ప్రక్రియకు ఈ బెడద లేదు. తడి పదార్థాన్నే వినియోగించవచ్చు. సూక్ష్మశైవలాల్లో లిగ్నిన్ ఉండదు కనుక వాటి పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చడం కలప కంటే సులభం. 1 కిలో గ్లూకోజ్ నుంచి ఈస్టు సిద్ధాంతరీత్యా 510 గ్రాముల ఇథనాల్ ఇస్తుంది. ఆమ్లజనక బాక్టీరియాల ద్వారా హైడ్రోజన్‌తో పాటు ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు లభిస్తాయి. ఇవి బయోప్లాస్టిక్‌లకు ముడిసరుకు. మిగిలిన పదార్థం మీథేన్‌కు పనికివస్తుంది. తార్నాకలోని ఐఐసీటీలో ఈ దిశగా పరిశోధనలు జరిగాయి.

అయితే శైవలాల్లో మాంసకృత్తులు ఎక్కువ. కర్బన, నత్రజని నిష్పత్తి తరచుగా 10 లోపే ఉంటుంది. మీథేన్ ఉత్పత్తికి అనుకూలమైనది 20 నుంచి 30. నత్రజని అధికమైతే వెలువడే అమోనియా సూక్ష్మజీవులను అణచివేస్తుంది. పండ్ల తొక్కలు, వరిగడ్డి వంటి కర్బనం అధికంగా గల వ్యర్థాలను కలిపితే ఈ లోటు తీరుతుంది. పాతబస్తీలో మీరాలం మండీ, మాదన్నపేట వంటి మార్కెట్ల వ్యర్థాలు అందుబాటులోనే ఉన్నాయి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఐఐసీటీ సాంకేతికతతో నెలకొల్పిన బయోగ్యాస్ కేంద్రం రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు ఇచ్చేలా ఏర్పాటైంది.

ఒక చెరువు నాచు నగర ఇంధన అవసరాన్ని తీర్చదన్న విమర్శలో నిజముంది. అందుకే ఇటువంటి పథకానికి తొలి కొలమానం ఎన్ని లీటర్ల ఇథనాల్ వచ్చిందన్నది కాక, నీటి నుంచి ఎన్ని కిలోల నత్రజని, భాస్వరాలు తొలగాయన్నది కావాలి. ఇంధనం ఆ పనికి తోడయ్యే ఆదాయం.

వ్యవసాయ శాస్త్రవేత్తల అసలు బాధ్యత కిణ్వనం ముగిశాకే మొదలవుతుంది. నగర జలాల్లోని భార లోహాలను శైవలాలు తమలో చేర్చుకుంటాయి. కర్బనం వాయురూపంలో వెళ్లిపోయినా లోహాలు మడ్డిలోనే మిగిలి, మరింత గాఢమవుతాయి. మూసీ దిగువన పశువులకు పారాగడ్డి, మనుషులకు వరి పండే నేలలకు ఆ మడ్డిని పరీక్షించకుండా చేర్చడం తగదు. ప్రతి విడతలోనూ లోహాల విశ్లేషణ జరగాలి. సమాన నత్రజని మోతాదులో యూరియాతో పోల్చే కుండీ ప్రయోగాల్లో దిగుబడితో పాటు ఆకు, గింజల్లోని లోహాలనూ కొలవాలి. రాజేంద్రనగర్ విద్యార్థులకు ఇది చేరువలో ఉన్న విలువైన పరిశోధనాంశం. ఆ ఫలితాలు వెలువడేవరకు విస్తరణ సిబ్బంది ఆ మడ్డిని సేంద్రియ ఎరువుగా రైతుకు సిఫారసు చేయరాదు.