పరిచితుల పేరిట వచ్చు జాబులు

తెలిసినవారి పేరు కనబడినంతనే జాబు తెఱచుట మనకందఱకు నలవాటు. ఆ యలవాటే యొకప్పుడు లోకమునకు ముప్పు దెచ్చెను.

2000వ సంవత్సరము మే 4వ తేదీన ఫిలిప్పీన్సు దేశమునుండి బయలుదేరిన యొక యీమెయిలు దేశదేశములకు వ్యాపించెను. "ఐ లవ్ యూ" యని దాని శీర్షిక. వెంట వచ్చిన ఫైలు పేరు చివర "టీఎక్స్‌టీ" యని యుండుటచే నది వట్టి లేఖయని పెక్కుమంది నమ్మిరి. దాని వెనుక "వీబీఎస్" అను మఱియొక తోక గలదు. విండోసు దానిని కంటికి గనబడనీయదయ్యెను. తెఱచినంతనే యది కంప్యూటరులోని ఫోటోలను చెఱిపి, అవుట్‌లుక్ చిరునామాల పట్టికలోని వారికెల్ల నింటివారి పేరిటనే జాబులంపెను. బ్రిటిషు పార్లమెంటు సైతము తన యీమెయిలును కొంతసేపు నిలుపవలసి వచ్చెను.

దీనివలన మేము గ్రహించినది యొక్కటి: పేరు సాక్ష్యము గాదు. ఎదురుచూడని ఫైలు వచ్చినచో, పంపినవారిని ముందు ఫోనులో నడుగుడు. బ్రౌజరునకుగాని యీమెయిలునకుగాని సవరణ వచ్చినప్పుడు "పిమ్మట చూతము" అనవలదు. సవరణ వెలువడినతోడనే లోప మెచ్చట నున్నదో దొంగలకును దెలియును. పిల్లల ఫోటోలకు వేఱొకచోట ప్రతి యుంచుడు.

అడిగిన నత్తగారు నొచ్చుకొందురేమో యని మేమును మొదట సంకోచించితిమి. అడుగుట యవిశ్వాసము గాదు. ఆమె పేరును గాపాడుటయే.