గృహారోగ్యము: జాతకము కాదు, పరీక్ష



సత్యవంతునకు ఏడాదియే ఆయువని నారదుడు చెప్పినను సావిత్రి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గడువు తెలిసినది గనుకనే త్రిరాత్రవ్రతము పూని మెలకువతో నుండెను. మా యింట జరిగిన యొక సంగతి ఆ కథను మాకు జ్ఞప్తికి దెచ్చినది.

పుంగనూరులో నుండు మా పెద్దమామగారు చిరకాలము బీడీలు కాల్చినవారు. ముందటి యేడు మదనపల్లెకు వచ్చి మా యింట రెండు నెలలుండిరి. సంగటి ముద్ద మ్రింగునపుడు గొంతులో ఒక ప్రక్క నొప్పి యనిరి. దవడ క్రింద చిన్న గడ్డయు కనబడెను. పడిశపు నొప్పియని తలచి మేము మిరియాల కషాయము కాచి యిచ్చుచుంటిమి. ఆ తప్పు మాది. ఆయన కూతురు, మా ఆడబిడ్డ, కుప్పమునుండి చూడవచ్చి గడ్డను తడవి, "వదినా, కషాయముతో ఎన్నాళ్లు గడిపెదరు?" అని వెంటనే వైద్యుని యొద్దకు గొనిపోయినది. గొంతులో ముక్క తీసి చూడగా రాచపుండు, అనగా క్యాన్సరు, అని తేలినది.

ఆ ముక్కకే మరియొక పరీక్ష జరిగినది. దాని పేరు పి-16. ఇది మన కణములలో నుండు ఒక ప్రోటీను. హ్యూమన్ పాపిలోమా వైరసు గొంతు కణములలో జొచ్చి, వాని పెరుగుదలకు గల కట్టడిని చెరిపినచో, ఈ ప్రోటీను మిక్కిలిగా పోగగును. ముక్కకు రంగు పట్టించినపుడు నూటికి 70 కణములైనను గాఢముగా రంగెక్కినచో అది యున్నట్లు వైద్యులు ఎంచుదురు. టాన్సిళ్లయందును, నాలుక మొదటను పుట్టిన పుండ్లకే ఈ పరీక్ష మిక్కిలి యుపయోగము. స్వరపేటికలోని పుండునకు అంతగా పనికిరాదు.

అమెరికాలో జరిగి 2010లో ప్రచురింపబడిన పరిశోధనయందు, ఈ తావులలో పుండు ముదిరినవారిలో, వైరసు గలవారు మూడేండ్లకు నూటికి 82 మందియు, లేనివారు 57 మందియు జీవించి యుండిరి. పొగ త్రాగినకొలది ఆ మేలు తగ్గినది. మన దేశమునందు గొంతు పుండ్లకు పొగాకే ముఖ్యకారణము.

మా పెద్దమామగారికి ఆ ప్రోటీను కనబడలేదు. ఆడబిడ్డ కన్నీరు పెట్టుకొనెను. వైద్యుడు, "అమ్మా, ఇది పలువురను గూర్చిన లెక్క, మీ నాయనగారి జాతకము కాదు. చికిత్సకు త్వరపడుడు" అనెను. కిరణచికిత్సయు, మందులును ఏడు వారములు జరిగినవి. నేటికి ఏడాదిన్నర. నోరు ఎండుచున్నను పలుచగా కలిపిన సంగటి మ్రింగుచున్నారు. బీడీ మానిరి.

కావున మ్రింగునపుడు నొప్పి, బొంగురు గొంతు, మెడలో గడ్డ, వీనిలో ఏదైనను మూడు వారములు దాటినచో ఉపేక్షింపరాదు. టాన్సిలునందో, నాలుక మొదటనో పుండని తేలినచో, "పి-16 చూచితిరా?" అని అడుగుటకు సంకోచింపవలదు. మంచి ఫలితము వచ్చినదని అలసత్వమును, రాలేదని నిరాశయు కూడవు. కషాయము కాచు చేతులతోనే ఇంటివారిని వేళకు వైద్యుని యొద్దకు నడిపింపవలసినవారము మనమే.