మన పిల్లలకు ఏ ఇంగ్లీషు మాటలు కావాలి?

రోజుకు పది కష్టమైన ఇంగ్లీషు మాటలు, పక్కనే తెలుగు అర్థాలు. మనం బోర్డు మీద రాస్తాం, పిల్లలు ఎక్కించుకుంటారు, మర్నాడు అప్పజెబుతారు. దీన్నే ఇంగ్లీషు నేర్పడం అనుకుంటున్నాం. నేనూ ఏళ్ల తరబడి ఇదే చేశాను. అందుకే ఇది తప్పని గట్టిగా చెబుతున్నాను.

'మ్యాగ్నానిమస్' అంటే ఉదారమైన అని పిల్ల గడగడా చెబుతుంది. 'ఉదారమైన' అంటే ఏమిటమ్మా అంటే తల దించుకుంటుంది. రాని మాటకు ఇంకో రాని మాటను అర్థంగా ఇచ్చాం. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు తెలుగు కూడా బడి భాషేనని మరిచిపోయాం. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగు పాఠంలో ఏరు అంటే వాగు. చోటు మారితే మాటకు అర్థం మారుతుందని మన పిల్లలకు చిన్నప్పుడే తెలుసు. ఆ తెలివిని జాబితాలతో మొద్దుబారుస్తున్నాం.

పొడుగ్గా ఉంటేనే పెద్ద మాటా? 'పర్సన్' చూడండి. చిన్న తరగతి మాట. మనం 1/70 అని పిలుచుకునే చట్టం ప్రకారం ఏజెన్సీలో ఏ 'పర్సన్' అయినా గిరిజనేతరులకు భూమి బదలాయిస్తే చెల్లదు. మరి ప్రభుత్వం ఆ మాట కిందికి వస్తుందా? అనంతగిరి మండలం గనుల మీద నడిచిన సమతా కేసులో, వస్తుందని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క మాట అర్థం మీద గిరిజనేతరుల గని లీజులు చెల్లకుండా పోయాయి.

'కన్సల్ట్', 'కన్సెంట్' చూడండి. మొదటిది సంప్రదించడం, రెండోది ఒప్పుకోవడం. భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం అంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం అంది. ఒకటి మనల్ని అడగడం. రెండోది మనం కాదంటే ఆగడం. ఈ తేడా తెలియని డిగ్రీ కుర్రాడు ఊరివాళ్లకు తీర్మానం చదివి వినిపిస్తే, వేలిముద్ర దేనికి పడుతుందో ఎవరికి తెలుసు?

పోటీ పరీక్షలకు జాబితాలు కావాలి కదా అంటారు తోటి ఉపాధ్యాయులు. పరీక్షలు కావాలి, కాదనను. కానీ బట్టీ పట్టిన మాట పరీక్ష హాల్లోనే జారిపోతుంది. సొంత వాక్యంలో వాడిన మాట నిలుస్తుంది.

పది వద్దు, రోజుకు రెండు చాలు. ముందు పిల్లల ఇంటి భాషలో ఆ సంగతి మాట్లాడించండి. మీకు ఆ భాష రాకపోతే పిల్లల్నే అడగండి, అందులో చిన్నతనం లేదు. తర్వాత తెలుగు, ఆపైన పిల్ల తానే కట్టిన ఇంగ్లీషు వాక్యం. పట్టా, నోటీసు, గ్రామసభ తీర్మానం, ఇవే మన పాఠాలు కావాలి.

యువతకు ఒక్క మాట. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఊరికి వచ్చిన కాగితం ఒకటి తీసుకుని పెద్దలకు మన భాషలో చదివి చెప్పండి. అక్కడ తడబడితే, ఏ మాటలు నేర్చుకోవాలో మీకే తెలుస్తుంది.