ముందు సవరలో చెప్పించండి

పోటీ పరీక్షల పేరుతో బరువైన ఇంగ్లీషు మాటల జాబితాలు సీతంపేట పిల్లల చేతుల్లోకీ వచ్చేశాయి. రాత్రంతా వల్లె వేసినా వారం తిరిగేసరికి సగం గుర్తుండవు. తప్పు పిల్లలది కాదు. సవర ఇంట్లో పుట్టిన బిడ్డ బడిలో తెలుగు నేర్చుకుని, ఆ తెలుగు అర్థం పట్టుకుని ఇంగ్లీషు మాటను అందుకోవాలి. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుకు చుట్టం కాదు.

ఆ భాష నుంచి ఇంగ్లీషుకు నేరుగా దారి వేసినవారు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషా వివరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. మన్యంలోని ప్రతి ఆశ్రమ పాఠశాల అలమరలో ఉండాల్సిన పుస్తకాలవి.

మాట నిలవాలంటే వాక్యంలో కనబడాలి, నోట్లో ఆడాలి, మళ్లీ మళ్లీ ఎదురుపడాలి. అందుకే ఈ సంచికలో జాబితాలు వేయలేదు. పోడు, జీడితోట, సంత గురించి తేలిక ఇంగ్లీషులో రాసిన పాఠాలు ఇచ్చాం. ఉపాధ్యాయ మిత్రులారా, వాటిని పిల్లల చేత ముందు సవరలో చెప్పించండి, ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయించండి. రాసినవి మాకు పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.