కడుపులో కొవ్వు వాపు... క్యాన్సరేనా?

మా నాన్నగారి వయసు 62. రెండు నెలలుగా బొడ్డు చుట్టూ నొప్పి. గ్యాస్ అనుకున్నాం. బరువు ఆర్నెల్లలో 68 కిలోల నుంచి 61కి తగ్గారు. సీటీ స్కాన్‌లో ‘మెసెంటరిక్ పానిక్యులైటిస్’ అనీ, లింఫ్ గ్రంథులు 14 మిల్లీమీటర్ల వరకూ పెరిగాయనీ రాశారు. డాక్టర్ బయాప్సీ చేయాలంటున్నారు. తెలిసినవాళ్లేమో స్టిరాయిడ్లతో తగ్గిపోతుంది, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

పేగులను వీపు గోడకు పట్టి ఉంచే పొరను మెసెంటరీ అంటారు. అందులోని కొవ్వు వాచటమే మెసెంటరిక్ పానిక్యులైటిస్. ఇది అరుదైన సమస్య. యాభై దాటిన మగవారిలో ఎక్కువ. చాలామందిలో ఇది క్యాన్సర్ కాదు, మందుల అవసరం కూడా ఉండదు. అయితే కొద్దిమందిలో దీని వెంట లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ఉండొచ్చు. ఒక్కోసారి లింఫోమాయే స్కాన్‌లో అచ్చం ఇలా కనిపిస్తుంది.

మీ నాన్నగారి విషయంలో రెండు అంశాలను తేలిగ్గా తీసుకోకూడదు. గ్రంథులు 10 మిల్లీమీటర్లు దాటాయి. బరువు పదో వంతు తగ్గింది. జ్వరం, రాత్రిళ్లు పక్క తడిసేలా చెమటలు ఉన్నాయేమో కూడా గమనించి డాక్టర్‌కు చెప్పండి. ఇవి మన దగ్గర ఎక్కువగా కనిపించే కడుపు క్షయలోనూ ఉంటాయి. పెట్ స్కాన్ ఏ గ్రంథి నుంచి ముక్క తీయాలో చూపిస్తుందే తప్ప, జబ్బేమిటో కచ్చితంగా తేల్చదు. క్షయ ఉన్నచోటా అది వెలుగుతుంది. కాబట్టి బయాప్సీ తప్పదు. లింఫోమా రకం తెలియాలంటే సన్నసూదితో తీసే కణాలు సాధారణంగా చాలవు, తగినంత ముక్క కావాలి. దానివల్ల లింఫోమా పాకుతుందన్నది అపోహే.

బయాప్సీ కాకుండా స్టిరాయిడ్లు మాత్రం మొదలుపెట్టకండి. వాటితో లింఫోమా గ్రంథులు తాత్కాలికంగా కుంచించుకుపోయి, పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. క్షయ అయితే ముదురుతుంది. ముక్కలో వాపు మాత్రమే ఉందని తేలితే అప్పుడు స్టిరాయిడ్లే పనికొస్తాయి. లింఫోమా అని తేలినా అధైర్యపడొద్దు. ఇలా కనిపించే వాటిలో నెమ్మదిగా పెరిగే రకాలు ఎక్కువ. రిటుక్సిమాబ్ వంటి మందులతో ఏళ్ల తరబడి అదుపులో ఉంచొచ్చు. మీ డాక్టర్ సలహా సరైనదే, ఆలస్యం చేయకండి.