ఖాతా మనది... సంగతి ఎవరిది?

మా గోదావరిఖనిలో ఒకప్పుడు జీతాల రోజంటే సంతోషమూ, భయమూ రెండూ ఉండేవి. బాయి మీద నగదు చేతికొచ్చేది. ఇంటికి చేరేలోపే అప్పులవాళ్లు ఎదురుపడేవారు. మా అత్తమ్మ అనేది: "పైసలు ఎన్నొచ్చినయో కాదు పిల్లా, ఎవని చేతిలకెళ్లి వచ్చినయో చూడు."

ఇప్పుడు జీతాలు బ్యాంకులోనే పడుతున్నాయి కదా, ఆ బాధ తీరిందనుకున్నాను. మా చిన్నోడి పుణ్యమా అని ఆ మాట మళ్లీ గుర్తుకొచ్చింది.

వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రాత్రిళ్లు కూర్చుని విదేశంలో ఎవరికో వీడియోలు ఎడిటింగ్ చేసి పెడతాడు. ఆయన రూపాయలు పంపడు, యూఎస్‌డీటీ అనే క్రిప్టో పంపుతాడు. ఒక్కోటి ఒక డాలరుతో సమానమట. ఫోనులో అంకె కనబడుతుంది గానీ దాంతో కిలో టమాటాలు రావు. ఎవరికైనా అమ్మి రూపాయలు చేసుకోవాలి. ఒక యాప్‌లో కొనేవాడు దొరికాడు. మార్కెట్ కన్నా ఎక్కువే ఇస్తానన్నాడు.

"అమ్మా, నా యూపీఐ పనిజేస్తలేదు, నీ దాంట్ల వేయించుకుంట" అన్నాడు. సరేనన్నాను. తొమ్మిది వేలు పడ్డాయి.

నాలుగో రోజు సంఘం కిస్తీ కట్టబోతే నా ఖాతా ఆగిపోయి ఉంది. బ్యాంకుకు వెళితే, "మీ ఆయనను పంపించండమ్మా, చెప్తాం" అన్నారు. ఖాతా నా పేరు మీద! అందులో ఉన్నది కుట్టుమిషను తొక్కి కూడబెట్టిన నలభై వేలు! గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి ఫిర్యాదు వచ్చిందట.

జరిగిందేమిటంటే, ఎవడో మోసగాడు ఎవరి సొమ్మో కొట్టేశాడు. ఆ సొమ్ముతోనే మావాడి దగ్గర క్రిప్టో కొన్నాడు. క్రిప్టో వాడికి పోయింది, దొంగసొమ్ము నా ఖాతాలో మిగిలింది. పోగొట్టుకున్నవాళ్లు 1930కి ఫోను చేస్తే, డబ్బు చేతులు మారిన దారిలో ఉన్న ఖాతాలను ఆపుతారు. అలా ఆపడం మంచిదే. రేపు మన డబ్బు పోయినా అదే దిక్కు. కానీ తొమ్మిది వేల కోసం నలభై వేలూ ఆపడం ఏం న్యాయం? వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని 2023లో కేరళ హైకోర్టు కూడా చెప్పింది. వీడు చేసిన పనికి రుజువులు, యాప్‌లో అమ్మిన వివరాలు ఆ పోలీసులకు పంపితే, రెండు నెలలకు మిగతా డబ్బు వదిలారు. తొమ్మిది వేలు ఇంకా అక్కడే ఉన్నాయి.

క్రిప్టో అమ్మడం నేరం కాదు. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు పెట్టిన అడ్డును 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఆ జులై నుంచి, పరిమితి దాటితే అమ్మిన మొత్తంలో 1 శాతం ముందే కోసుకుంటారు. 2023 మార్చిలో ఈ వ్యాపార సంస్థలను మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. అవి ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం దగ్గర నమోదు కావాలి. నమోదైన సంస్థకే అమ్మి, ఎవరి సంపాదన వారి ఖాతాలోకే తెచ్చుకుంటే కోత పడినా లెక్క ఉంటుంది. అలాగని అక్కడే దాచి ఉంచడమూ మంచిది కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్‌లో దొంగలు పడితే, దాచుకున్నవాళ్లు నెలల తరబడి తీసుకోలేకపోయారు.

పిల్లలు సంపాదించుకుంటామంటే నేను వద్దనను. నా బాధల్లా మన గురించే. పాసుబుక్కు మన పేరున, సంతకం మనది, ఓటీపీ మన ఫోనుకే వస్తుంది. సంగతి మాత్రం కొడుక్కో, తమ్ముడికో, ఆయనకో తెలిస్తే చాలనుకుంటాం. ముక్కూమొహం తెలియనివాడు గుమ్మంలోకొచ్చి తొమ్మిది వేలు ఉంచమంటే ఉంచుతామా? ఖాతా కూడా మన గుమ్మమే కదా!

కన్నకొడుకైనా సరే, "ఎవరు పంపుతున్నరు, ఎందుకు పంపుతున్నరు?" అని అడుగుదాం. అడిగితే అనుమానించినట్టు కాదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. మావాడు విసుక్కుంటూనే చెబుతున్నాడు.