ఫోను కాదు, కిటికీ ఇవ్వండి

సంపాదకులకు,

పిల్లలతో కారు ప్రయాణమంటే చేతికి ఫోనిచ్చి కూర్చోబెట్టక తప్పదన్న మీ వ్యాసంతో నేను ఏకీభవించను. విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు 30 కిలోమీటర్లు మించదు, కానీ దారంతా చూడాల్సినవే. మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామిలో నావికుల ఇరుకు పడకలు చూశాక మా ఆరో తరగతి అబ్బాయి ప్రశ్నలు ఆపలేదు. తొట్లకొండ మీద వాననీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్లున్నాయి. ఎర్రమట్టి దిబ్బల ఎరుపు ఇనుము చలవేనని అక్కడ చెబితే పిల్లలు మరిచిపోరు (దిబ్బలెక్కి తొక్కనివ్వకండి). భీమిలిలో 17వ శతాబ్దపు డచ్చి సమాధులు సరేసరి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి: సముద్రంలో దిగితే పిల్లల చెయ్యి వదలకండి. ఈ తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం